బేస్‌బాల్ సీజన్ మొదటి రోజు ఎలా ఖరారవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఉండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి పక్కన. ఏటా మార్చి నెలాఖరుకి కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంకా స్వెట్టర్లే తీయలేదు, అప్పుడే ఆటలేంటి అన్నా?" అని. క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లకి ఆ సందేహం రావడం సహజం. వచ్చిన కొత్తలో నాకూ వచ్చింది. అప్పటినుంచీ అడిగినవాళ్లకి చెబుతూ వచ్చిన జవాబులే ఇవి. ఇక్కడ బేస్‌బాల్ అంటే అమెరికా, కెనడాల్లోని 30 టీములు ఆడే మేజర్ లీగ్ బేస్‌బాల్. జపాన్, కొరియాల సంగతి చివర్లో కాస్త చెప్పాను.

ఓపెనింగ్ డే, అంటే సీజన్ మొదటి రోజు, ఏటా ఒకే తేదీనా?

కాదు. ఈ మధ్య చాలావరకు మార్చి ఆఖరి వారంలో, గురువారం నాడు పడుతోంది. 2018లో మార్చి 29, 2019లో మార్చి 28, 2023లో మార్చి 30, 2024లో మార్చి 28, 2025లో మార్చి 27. 2021లో ఏప్రిల్ 1. ఇవన్నీ గురువారాలే. 2026కి మాత్రం బుధవారం, మార్చి 25 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకీస్, జెయింట్స్ మధ్య ఒక్క మ్యాచ్ పెట్టి, మర్నాటి నుంచి మిగతావి వేశారు. ఆ ఒక్క మ్యాచ్ ప్రసారం నెట్‌ఫ్లిక్స్‌కి ఇచ్చారు.

మరి ఆ తేదీ ఎలా వస్తుంది? వాతావరణం చూసి పెడతారా?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. వసంతం వచ్చింది కాబట్టి ఆట మొదలుపెడదాం అని ఎవరూ అనుకోరు. మన ఇళ్లలో పెళ్లికి ముందు ముహూర్తం పెట్టుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టి పసుపు దంచేది ఎప్పుడో, పందిరి వేసేది ఎప్పుడో చూసుకుంటాం కదా. ఇదీ అంతే. ఇక్కడ ముహూర్తం వరల్డ్ సిరీస్, అంటే సీజన్ ఫైనల్. అది అక్టోబర్ చివరికో, మహా అయితే నవంబర్ మొదటి రోజులకో అయిపోవాలి. ఆ తర్వాత ఉత్తరాది ఊళ్లలో రాత్రిపూట ఆడటం కష్టం.

దానికి ముందు ప్లేఆఫ్స్ ఉన్నాయి. 12 టీములతో జరిగే ఆ పోటీలకి దాదాపు నెల పడుతుంది. అంటే మామూలు సీజన్ సెప్టెంబర్ చివర్లో ముగిసిపోవాలి. అక్కణ్నుంచి వెనక్కి ఒక్కో టీముకి 162 మ్యాచ్‌లు, మధ్యలో సెలవు రోజులు, జులైలో ఆల్‌స్టార్ విరామం లెక్కేసుకుంటూ వస్తే సుమారు 26 వారాలు. చివరికి వేలు ఆగేది మార్చి ఆఖరి వారం మీద. ఆ రోజు చికాగోలో ఎంత చలి ఉందన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు.

162 మ్యాచ్‌లే ఎందుకు?

పాత గుణకారం అది. మేజర్ లీగ్ లోపల అమెరికన్, నేషనల్ అని రెండు లీగ్‌లుంటాయి. ఒక్కో లీగ్‌లో 8 టీములున్న రోజుల్లో ప్రతి టీమూ మిగతా ఏడింటితో 22 సార్లు ఆడేది. అలా 154. 1961లో అమెరికన్ లీగ్ 10 టీములైంది. తొమ్మిది ప్రత్యర్థులు, ఒక్కొక్కరితో 18 ఆటలు, మొత్తం 162. మరుసటేడు నేషనల్ లీగ్ కూడా అదే చేసింది. తర్వాత టీములు 30 అయ్యాయి, లీగ్ లోపల డివిజన్లనే చిన్న గుంపులు వచ్చాయి, లెక్క పూర్తిగా మారిపోయింది. 162 మాత్రం అలాగే ఉండిపోయింది. 2025లో మన ఐపీఎల్ మొత్తం సీజన్‌కి 74 మ్యాచ్‌లు. ఇక్కడ అందరివీ కలిపితే 2,430.

తిరిగి 154కి వెళ్తే మార్చి చలి నుంచి ఓ వారం తప్పించుకోవచ్చు. నా మటుకు నాకు అదే మంచిదనిపిస్తుంది. కానీ ఒక్కో టీముకి నాలుగు హోమ్ గేమ్‌ల టికెట్ డబ్బు, టీవీ డబ్బు పోతాయి. యజమానులు వదులుకోరు. జీతం తగ్గించి ఆడమంటే ఆటగాళ్లూ ఒప్పుకోరు.

పూర్వం ఏప్రిల్‌లో మొదలయ్యేదట కదా. మార్చికి ఎందుకు జరిగింది?

అవును, ఏప్రిల్ మధ్యలో మొదలైన రోజులున్నాయి. రెండు మూడు కారణాలు కలిసి ముందుకు లాగాయి.

మొదటిది, డబుల్‌హెడర్లు పోవడం. ఒకప్పుడు ఆదివారాలు, సెలవు రోజుల్లో ఒకే టికెట్ మీద రెండు మ్యాచ్‌లు ఆడేవారు. దాంతో తక్కువ రోజుల్లో ఎక్కువ ఆటలు అయిపోయేవి. ఇప్పుడు వానకి ఆగిపోయిన మ్యాచ్‌ని పూర్తి చేయడానికి తప్ప వాటిని దాదాపుగా పెట్టడం లేదు. రెండోది, ప్లేఆఫ్స్ పెరగడం. 1995 నుంచి 8 టీములు, 2012 నుంచి 10, 2022 నుంచి 12. అక్టోబర్ అంతా వాటికే సరిపోతోంది. మూడోది విశ్రాంతి. ఆటగాళ్ల సంఘంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం 2018 నుంచి సీజన్‌లో నాలుగు రోజులు పెంచారు. 183 రోజుల సీజన్ 187 అయింది. చివర్లో జరిపే చోటు లేదు కాబట్టి ఆ నాలుగు రోజులూ మొదట్లోనే చేరాయి.

మార్చి నెలలో మొట్టమొదటి మ్యాచ్ 1996 మార్చి 31న జరిగింది. సియాటిల్‌లో మారినర్స్, చికాగో వైట్‌సాక్స్ ఆడారు. అది కింగ్‌డోమ్‌లో, పైకప్పు కింద ఆడిన ఆట. మార్చిలోకి మొదటి అడుగు వేసినవాళ్లకి చలి గురించి ఆలోచన ఉందన్నమాట.

పైకప్పు ఉన్న స్టేడియాలు, వెచ్చటి ఊళ్లు ఉన్నాయి కదా. మొదటి రెండు వారాలు అక్కడే ఆడొచ్చుగా?

నన్ను ఎక్కువసార్లు అడిగింది ఇదే. విన్నప్పుడు ఎంతో సబబుగా అనిపిస్తుంది. టొరంటో, హ్యూస్టన్, మిల్వాకీ, ఫీనిక్స్, సియాటిల్, మయామీ, డాలస్ పక్కన ఆర్లింగ్టన్ స్టేడియాలకి మూసుకునే కప్పులున్నాయి. లాస్ఏంజెలిస్, శాన్‌డియెగో, అట్లాంటాల్లో చలి గొడవ అంతగా లేదు. ఇలా వెతికితే సగం మ్యాచ్‌లకి చోటు దొరుకుతుంది.

చిక్కు తర్వాత వస్తుంది. ప్రతి టీముకీ 81 హోమ్ గేమ్‌లు, 81 బయటి ఊళ్లలో. మయామీ వాళ్లు ఏప్రిల్‌లో అన్నీ ఇంట్లో ఆడేస్తే, జులై, ఆగస్టుల్లో అన్నీ ఊళ్లు తిరుగుతూ ఆడాలి. టికెట్లు బాగా అమ్ముడయ్యేది వేసవి సెలవుల్లో. ఏప్రిల్‌లో పిల్లలకి బడి ఉంటుంది, మంగళవారం రాత్రి ఆటకి సగం కుర్చీలు ఖాళీ. పైకప్పు కట్టించుకున్న పాపానికి మంచి రోజులన్నీ క్లీవ్‌లాండ్‌కి ఇచ్చి ఖాళీ రోజులు మేం పుచ్చుకోవాలా అని వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆటగాళ్ల వైపు నుంచి చూసినా, డెట్రాయిట్ టీము సీజన్ మొదట్లోనే మూడు వారాలు హోటళ్లలో గడపడం మంచిది కాదు.

అందుకే నడిమి దారి పట్టారు. మొదటి వారంలో కొన్ని మ్యాచ్‌లు వెచ్చటి చోట్లకి పంపుతారు, మిగతావి అదృష్టానికి వదిలేస్తారు. నా అభిప్రాయం అడిగితే, మొదటి సిరీస్ ఒక్కటైనా, అంటే ఆ మూడు రోజులైనా సాధ్యమైనన్ని ఆటలు కప్పు కిందా, దక్షిణాదిలోనూ పెట్టాలి. మూడు రోజుల వల్ల ఎవరి వేసవీ కరిగిపోదు.

నిజంగా మంచు పడితే ఏం జరుగుతుంది?

2007 ఏప్రిల్ 6, క్లీవ్‌లాండ్. ఆ ఏడాది సొంతగడ్డ మీద వాళ్ల మొదటి మ్యాచ్, ప్రత్యర్థి సియాటిల్. మంచు పడుతూ, ఆగుతూ ఉంది. ఆట ఆపుతారు, సిబ్బంది గాలి మెషీన్లతో మైదానం మీద మంచు ఊదేస్తారు, మళ్లీ మొదలుపెడతారు. క్లీవ్‌లాండ్ 4-0తో ముందుంది. వాళ్ల పిచర్ (బంతి విసిరేవాడు) పాల్ బర్డ్ అప్పటికి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు, అంటే బంతిని కొట్టి ఎవరూ బేస్ చేరలేదు. ఐదో ఇన్నింగ్స్ పై సగం, అంటే సియాటిల్ బ్యాటింగ్ వంతు, రెండు అవుట్లు, బేస్‌లన్నీ నిండి ఉన్నాయి. ఇంకొక్క స్ట్రైక్ పడితే మూడో అవుటై, ఐదో ఇన్నింగ్స్ పై సగం పూర్తయి, ఆట అధికారికంగా లెక్కలోకి వచ్చేది. సరిగ్గా అప్పుడు సియాటిల్ మేనేజర్ మైక్ హార్‌గ్రోవ్ బయటికి వచ్చి, ఈ మంచులో మా బ్యాటర్‌కి బంతే కనబడటం లేదని అంపైర్లతో వాదించాడు. ఆట ఆపారు. మళ్లీ మొదలవలేదు. అంతసేపు ఆడినదంతా లెక్కలోంచి చెరిగిపోయింది.

ఆ సిరీస్‌లోని నాలుగు మ్యాచ్‌లూ మంచుకే పోయాయి. తర్వాత రావాల్సిన ఏంజెల్స్ సిరీస్‌ని ఏకంగా మిల్వాకీకి, కప్పు ఉన్న స్టేడియానికి మార్చి 10 డాలర్ల టికెట్లు పెట్టారు. పోయిన సియాటిల్ మ్యాచ్‌లని ఏడాది పొడుగునా సెలవు రోజుల్లో ఇరికించాల్సి వచ్చింది. వాటిలో ఒకటి సియాటిల్‌లోనే ఆడుతూ, క్లీవ్‌లాండ్‌ని హోమ్ టీముగా లెక్కవేశారు! ఏప్రిల్‌లో ఒక్క సిరీస్ చెడితే సెప్టెంబర్ దాకా ఎలా వెంటాడుతుందో చూడండి.

1907లో ఇంకో రకం. న్యూయార్క్‌లో జెయింట్స్ (అప్పట్లో ఆ టీము అక్కడిదే) మొదటి ఆటకి ముందు మంచు కురిసింది. దాన్ని పక్కకి తోసి కుప్పలు పెట్టారు. ఆట జెయింట్స్‌కి వ్యతిరేకంగా పోతుంటే జనం ఆ మంచు ఉండలు చేసి మైదానంలోకి విసరడం మొదలుపెట్టారు. అంపైర్ బిల్ క్లెమ్ ఆట ఆపేసి ఫిలడెల్ఫియాని గెలిపించాడు.

మొదటి మ్యాచ్ అయిన మర్నాడు చాలా టీములకి ఖాళీ ఎందుకు? అప్పుడే విశ్రాంతా?

విశ్రాంతి కాదు, వాన కోసం దాచిపెట్టిన రోజు. గురువారం ఆట ఆగిపోతే శుక్రవారం ఆడతారు, టికెట్లు వృథా కావు. 2018లో 30 టీములూ ఒకే రోజు మొదలుపెట్టేలా షెడ్యూల్ వేశారు. 1968 తర్వాత అలా వేయడం అదే మొదటిసారి. రెండు మ్యాచ్‌లు వానకి పోయాయి. అందులో ఒకటి మా సిన్సినాటిదే. దాచిన రోజు అప్పుడు పనికొచ్చింది.

ఇంత పెద్ద షెడ్యూల్ ఎవరు వేస్తారు?

1982 నుంచి 2004 దాకా ఒక దంపతులు వేశారు. హెన్రీ, హాలీ స్టీఫెన్‌సన్. ఇంట్లో కూర్చుని, కంప్యూటర్ కొంత, చేత్తో కొంత, ఇరవైకి పైగా సీజన్లు. ఈ విషయం తెలిసినప్పుడు నాకు చాలాసేపు నమ్మబుద్ధి కాలేదు. ఇంట్లో ఓ పెళ్లికి భోజనాల బంతులు సరిచూసుకోవడానికే మనకు టెన్షన్ వచ్చేస్తుంది, వాళ్లిద్దరూ దేశమంతా ఎదురుచూసే పట్టిక తయారుచేసేవారు. 2005 నుంచి ఆ పని పెన్సిల్వేనియాకి చెందిన స్పోర్ట్స్ షెడ్యూలింగ్ గ్రూప్ చేతికి వెళ్లింది. మైఖేల్ ట్రిక్, జార్జ్ నెమ్‌హాసర్ లాంటి ప్రొఫెసర్లు అందులో ఉండేవారు.

కష్టం ఎక్కడంటే, నియమాలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. ఏ టీమూ వరసగా 20 రోజులకి మించి ఆడకూడదు. పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి వచ్చినప్పుడు ఊపిరి తీసుకోనివ్వాలి. న్యూయార్క్‌లో రెండు టీములు, చికాగోలో రెండు, వీలైనంతవరకు ఒకరు ఊళ్లో ఉంటే ఇంకొకరు బయట ఉండాలి. బోస్టన్ రెడ్‌సాక్స్ ఏప్రిల్ మూడో సోమవారం కచ్చితంగా సొంతూళ్లో ఆడాలి. ఆ రోజు అక్కడ పేట్రియట్స్ డే సెలవు, మారథాన్ పరుగు. ఆట పొద్దున 11 గంటల ప్రాంతంలోనే మొదలవుతుంది. ఇవి కాక స్టేడియంలో కచేరీలు, పండగలు, ఇంకా ప్రతి టీము పంపే కోరికల జాబితా. ఒక చోట సర్దితే ఇంకో చోట పొంగుతుంది.

సాధారణంగా వచ్చే ఏడాది షెడ్యూల్ ఈ ఏడాది జులై, ఆగస్టుల్లో బయటికి వస్తుంది.

మొదటి రోజు ఎవరితో ఎవరు ఆడాలో లాటరీయా?

కాదు, మిగతా షెడ్యూల్‌తో కలిపి సర్దేదే. హోమ్ అవకాశం కొంతవరకు ఏడాది మార్చి ఏడాది వస్తుంది. 2013లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ అమెరికన్ లీగ్‌కి మారడంతో రెండు లీగ్‌లలోనూ 15 టీములయ్యాయి. పదిహేను బేసి సంఖ్య కాబట్టి ఒక టీము ఎప్పుడూ మిగిలిపోతుంది. ఆ మిగిలినదానికి అవతలి లీగ్‌లో మిగిలినదే జోడీ. అందుకే ఆ ఏడాది ఓపెనింగ్ డే నాడే సిన్సినాటిలో మా ఊరి టీము రెడ్స్‌తో అమెరికన్ లీగ్ టీము ఏంజెల్స్ ఆడారు. వేర్వేరు లీగ్‌ల టీములు మొదటి రోజున ఎదురుపడటం అదే మొదలు. 2023 నుంచి ప్రతి టీమూ మిగతా 29 టీములతోనూ ఏడాదిలో ఆడుతుంది.

సిన్సినాటి ఎప్పుడూ సొంతూళ్లోనే మొదలుపెడుతుంది. ఏమిటా గొప్ప?

ఇది మా ఊరి సంగతి, కాస్త నిదానంగా చెప్పనివ్వండి. డబ్బిచ్చి ఆడిస్తున్నామని బాహాటంగా చెప్పుకున్న మొదటి టీము 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్. ఆ గౌరవంతో రెడ్స్‌కి మొదటి ఆట ఇంట్లో ఇవ్వడం ఆనవాయితీ అయింది. రాతలో ఉన్న నియమం కాకపోయినా షెడ్యూల్ వేసేవాళ్లు దాన్ని మొదటే రాసుకుంటారు. తప్పిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. 1990లో, 2022లో లాకౌట్ల (ఒప్పందం కుదరక యజమానులే ఆటగాళ్లని బయట ఉంచడం) వల్ల షెడ్యూల్ తారుమారై రెడ్స్ బయటి ఊళ్లో మొదలుపెట్టారు.

ఆ రోజు ఫిండ్లే మార్కెట్ పరేడ్ ఉంటుంది, 1920 నుంచీ ఉన్న వాడుక. మేం మొదటిసారి వెళ్లింది మా పెద్దమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు. పనిరోజే, కానీ ఊరంతా ఎర్ర చొక్కాలతో రోడ్డు మీదుంది. బడుల బ్యాండ్ మేళాలు, పాతకార్లు, ట్రక్కుల మీంచి పిల్లలకి చాక్లెట్లు. ఓ పెద్దాయన మడత కుర్చీ వేసుకుని, ఒళ్లో దుప్పటి కప్పుకుని, ఫ్లాస్కులో కాఫీ తాగుతున్నాడు. అరవై ఏళ్లుగా ఇదే మూలన కూర్చుంటున్నానని మా అమ్మాయికి చెప్పాడు. మా అమ్మ ఊళ్లో పోలేరమ్మ జాతరకి ఇంటిల్లిపాదీ అరుగుల మీద కూర్చుని ఎదురుచూడటం గుర్తొచ్చింది నాకు. ఈ ఊరు కూడా మాదే అనిపించిన మొదటి రోజు అది.

టోక్యోలోనూ, సియోల్‌లోనూ ఆడే మ్యాచ్‌లు పాయింట్ల పట్టికలోకి వస్తాయా?

వస్తాయి, అవి ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు కావు. 1999లో మెక్సికోలోని మాంటెరీలో రాకీస్, పాడ్రెస్‌తో మొదలైంది. మరుసటేడు టోక్యోలో కబ్స్, మెట్స్. 2014లో డాడ్జర్స్, డైమండ్‌బ్యాక్స్ సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో ఆడారు, మనకి టెస్టులతో పరిచయమున్న మైదానమే. 2024లో సియోల్, 2025 మార్చి 18, 19 తేదీల్లో మళ్లీ టోక్యోలో డాడ్జర్స్, కబ్స్. ఆ మొదటి ఆటలో రెండు వైపులా మొదటి బంతి వేసింది జపాన్ పిచర్లే, యమమోటో, ఇమనాగా. ఆడి వచ్చాక ఆ రెండు టీములకి వారం రోజులు గడువిస్తారు. జెట్‌ల్యాగ్ తీరాక మిగతావాళ్లతో కలుస్తారు.

సమ్మెలు, లాకౌట్లు, కరోనా వచ్చినప్పుడు?

నాలుగు సందర్భాలు గుర్తుంచుకుంటే చాలు. 1995లో అంతకుముందు ఏడాది సమ్మె వల్ల సీజన్ ఏప్రిల్ 25న మొదలై 144 మ్యాచ్‌లకి కుదించుకుపోయింది. 2020లో కరోనా వల్ల జులై 23న మొదలు, 60 మ్యాచ్‌లే. 2022లో లాకౌట్ తేలేసరికి మార్చి 10 అయింది. ఏప్రిల్ 7కి జరిపి, డబుల్‌హెడర్లు కలిపి మొత్తం 162 ఆడించారు.

నాలుగోది 1972. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆటగాళ్ల సమ్మె వల్ల సీజన్ ఏప్రిల్ 15న మొదలైంది. పోయిన 86 మ్యాచ్‌లని మళ్లీ ఆడించలేదు. దాంతో టీములు సమానంగా ఆడలేదు. డెట్రాయిట్ 86 గెలిచి 70 ఓడింది. బోస్టన్ 85 గెలిచి 70 ఓడింది. డెట్రాయిట్ ఒక్క ఆట ఎక్కువ ఆడింది, ఆ సగం ఆట తేడాతో డివిజన్ గెలిచింది. మొదట్లో కొద్ది రోజులు ఎగిరిపోతే ఆఖరి రోజున ఎవరి నోటి దగ్గర కూడు పోతుందో బోస్టన్ వాళ్లనడిగితే చెబుతారు.

ఒక్క టీము కోసం షెడ్యూల్ మార్చడం ఉంటుందా?

ఉంటుంది. 2024 అక్టోబర్‌లో మిల్టన్ తుఫాను టాంపా బే రేస్ స్టేడియం పైకప్పు చీల్చేసింది. 2025లో వాళ్లు టాంపాలో, కప్పులేని చిన్న స్టేడియంలో ఆడాల్సి వచ్చింది. ఫ్లోరిడాలో వేసవి సాయంత్రాలంటే రోజూ వాన. అందుకే కొన్ని సిరీస్‌లు అటూ ఇటూ మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే ఎక్కువ హోమ్ గేమ్‌లు పెట్టారు. స్టేడియం సిద్ధం చేసుకోవడానికి మొదటి ఆటని కూడా ఒకరోజు వెనక్కి, మార్చి 28కి జరిపారు. క్లీవ్‌లాండ్ సమస్యకి సరిగ్గా తలకిందులు ఇది.

అధ్యక్షుడు మొదటి బంతి విసరడం ఎప్పటిది?

1910 ఏప్రిల్ 14న వాషింగ్టన్‌లో విలియం హోవర్డ్ టాఫ్ట్ మొదలుపెట్టాడు.

మొదటి రోజు జరిగినవాటిలో ఏది గొప్పది?

1940లో పిచర్ బాబ్ ఫెలర్ చికాగోలో మొదటి రోజే నో-హిటర్ వేశాడు, అంటే ఆట మొత్తంలో ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 1974లో హ్యాంక్ ఆరన్ సిన్సినాటిలో 714వ హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి, ఆ రికార్డులో బేబ్ రూత్‌ని అందుకున్నాడు. కానీ నేను చెప్పేది 1947 ఏప్రిల్ 15. బ్రూక్లిన్ ఎబెట్స్ ఫీల్డ్‌లో జాకీ రాబిన్‌సన్ మైదానంలోకి దిగాడు. ఆధునిక మేజర్ లీగ్‌లో నల్లజాతి ఆటగాడికి అంతవరకు చోటు లేదు. ఇప్పుడు ఏటా ఆ తేదీన ఆటగాళ్లందరూ 42 నంబర్ చొక్కా వేసుకుంటారు. పిల్లల్ని ఏప్రిల్‌లో ఒకే ఆటకి తీసుకెళ్లగలిగితే ఆ రోజుకి తీసుకెళ్లండి. అందరి వీపు మీదా ఒకే నంబర్ ఎందుకుందని వాళ్లే అడుగుతారు.

జపాన్, కొరియాల్లో ఎలా?

అక్కడా మార్చి చివర్లోనే. జపాన్‌లో 12 టీములు, 143 మ్యాచ్‌లు. కొరియాలో 10 టీములు, 144 మ్యాచ్‌లు. మొదటి ఆట సొంతూళ్లో ఆడే హక్కుని రెండేళ్ల కిందటి స్థానాలు చూసి పైవాళ్లకి ఇచ్చే పద్ధతి రెండు చోట్లా ఉంది. సిన్సినాటి ఆనవాయితీ నాకెంత ఇష్టమైనా, సంపాదించుకుంటే వచ్చే హక్కు కాబట్టి ఇది కూడా నచ్చుతుంది.

ఇండియా నుంచి చూడాలంటే ఎన్ని గంటలకి?

అప్పటికి అమెరికాలో గడియారాలు ముందుకు జరిపేసి ఉంటారు. తూర్పు తీరంలో మధ్యాహ్నం ఒంటిగంట ఆట మనకి రాత్రి 10:30. సాయంత్రం 4 గంటల ఆట అర్ధరాత్రి దాటాక 1:30. కాలిఫోర్నియాలో రాత్రి 7 గంటల ఆట మర్నాడు పొద్దున 7:30కి, కాఫీతో పాటు చూడొచ్చు.

మొదటిసారి వెళ్తున్నాం. ఏం తీసుకెళ్లాలి?

ఉత్తరాది ఊరైతే దుప్పటి, చేతి తొడుగులు, పిల్లలకి ఇంకో జత సాక్సులు. ఎండ పడే వైపు సీట్లు చూసి కొనండి, కప్పు నీడలో రెండో గంటకల్లా కాళ్లు మొద్దుబారతాయి. సంచులకి కొలతలుంటాయి కాబట్టి స్టేడియం నియమాలు ముందే చదువుకోండి. వానకి ఆట పోతే టికెట్ మర్నాటికి చెల్లుతుందో లేదో కొనేటప్పుడే చూసుకోండి, వీలైతే ఆ మర్నాడు కూడా సెలవు పెట్టుకోండి.